సగటు వయల్ అనేది ఎక్కడా ఉండదు

మందు ద్రావణాన్ని గడ్డకట్టించి ఎండబెట్టే ఫ్రీజ్ డ్రైయర్‌లోకి ఒక్క లోడులో వేల వయల్స్, అంటే మందు నింపే చిన్న గాజు సీసాలు, ఎక్కుతాయి. అన్నిటికీ ఒకే గాజు, ఒకే ద్రావణం, ఒకే ఫిల్ వాల్యూమ్. షెల్ఫ్ ఉష్ణోగ్రత అన్నిటికీ ఒకటే, ఛాంబర్ పీడనమూ ఒకటే. అయినా అన్నీ ఒకేలా ఎండవు. అంచు వరుసల్లో ఉన్నవి ముందు ఎండిపోతాయి, నడుమ ఉన్నవి వెనకబడతాయి. కాగితం మీద ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. బ్యాచ్ విడుదలవుతుందా, పారబోయాల్సి వస్తుందా అన్నది మాత్రం చాలాసార్లు అక్కడే తేలుతుంది.

నేను చేసేది ప్రాసెస్ మోడలింగ్. ల్యాబ్‌లో కుదిరిన మందును ప్లాంట్‌కి తీసుకెళ్లేటప్పుడు ఏమేం మారతాయో ముందుగా లెక్కకట్టి చెప్పడం నా పని. ఎక్కువగా ఫ్రీజ్ డ్రైయింగ్ చూస్తాను. రియాక్టర్లు, క్రిస్టలైజేషన్, పౌడర్ బ్లెండింగ్ కూడా వస్తుంటాయి. మీటింగులో గ్రాఫు తెరమీద పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మొత్తానికి సగటున ఎంత టైమ్ పడుతుంది?" సగటు చెప్పడానికి మోడల్ అక్కర్లేదు, పాత బ్యాచ్ రికార్డులు చాలు. సగటుకు దూరంగా ఉన్నవాటి కోసమే మోడల్ కావాలి. అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే వయల్, ట్యాంకులో అన్నిటికంటే ఆలస్యంగా కలిసే మూల, మందు ఒంట్లోంచి త్వరగా పోని రోగి. వీటిని, వీళ్లని ముందే చూడటం కోసమే ఈ లెక్కలన్నీ చేస్తున్నామని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పోస్టు దాని గురించే.

ముందు ఫ్రీజ్ డ్రైయింగ్ చెబుతాను, ఇక్కడ లెక్క అన్నిటికంటే సూటిగా ఉంటుంది. ద్రావణాన్ని గడ్డకట్టించి, పీడనం బాగా తగ్గించి, మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా మార్చి లాగేస్తాం. ఒక గ్రాము మంచు ఇలా ఆవిరి కావడానికి సుమారు 2,840 జౌళ్ల వేడి కావాలి. అదే మంచు కరగడానికైతే 334 జౌళ్లు చాలు. ఆ వేడిలో అధికభాగం షెల్ఫ్ నుంచి వయల్ అడుగు గుండా లోపలికి వెళ్లాలి. వయల్ అడుగు చదునుగా ఉండదు, కాస్త లోపలికి వంగి ఉంటుంది. గాజు షెల్ఫ్‌ని తాకేది అంచు చుట్టూ సన్నటి వలయంలోనే, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో మిగిలిన కాస్త వాయువు వేడిని మోస్తుంది. ఛాంబర్ పీడనం పెంచితే అక్కడ వాయువు పెరిగి, వేడి ఎక్కువగా అందుతుంది. ఇక మూడోది రేడియేషన్. అది పై షెల్ఫ్ నుంచీ వస్తుంది, గోడల నుంచీ తలుపు నుంచీ వస్తుంది. నడుమ ఉన్న వయల్‌కి చుట్టూ తనలాంటి చల్లటి వయల్సే కనిపిస్తాయి. అంచున ఉన్నదానికి ఒక పక్క ఎప్పుడూ గోడే. అదనపు వేడి అక్కడినుంచి వస్తుంది.

వేడి లోపలికి రావాలి, ఆవిరి బయటికి పోవాలి. మంచు దగ్గర ఆవిరి పీడనానికీ ఛాంబర్ పీడనానికీ ఉన్న తేడాయే ఆవిరిని బయటికి తోస్తుంది. మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచు ఆవిరి పీడనం దాదాపు 12.8 పాస్కల్. మైనస్ 35 దగ్గర దాదాపు 22.3. ఛాంబర్‌ని 10 పాస్కల్ దగ్గర పెట్టామనుకోండి. మొదటి సందర్భంలో తేడా 2.8, రెండోదాంట్లో 12.3. ఐదు డిగ్రీలు పెరిగితే తోసే బలం నాలుగు రెట్లు దాటింది! అందుకే ప్రొడక్షన్ వాళ్లు "షెల్ఫ్ ఇంకాస్త పెంచితే ఒక షిఫ్ట్ కలిసొస్తుంది కదా సార్" అని అడిగితే నేను కొట్టిపారేయను. వాళ్లు అడుగుతున్నది లెక్కకు నిలిచే మాటే.

అయితే దానికి హద్దుంది. సుక్రోజ్ ప్రధానంగా ఉన్న ఫార్ములేషన్ సుమారు మైనస్ 32 డిగ్రీలు దాటితే, ఎండిన భాగం తన ఆకారాన్ని తాను నిలుపుకోలేక కుంగిపోతుంది. దీన్ని కలాప్స్ అంటాం. కేక్, అంటే మంచు పోయాక మిగిలే ఎండు ముద్ద, ముడుచుకుపోయి గాజు నుంచి ఊడి వస్తుంది, తేమ లోపల చిక్కుకుంటుంది, వాడేముందు నీళ్లు పోస్తే కరగడానికి మొరాయిస్తుంది. అంచు వయల్ ఆ హద్దు దాటకూడదు కాబట్టి షెల్ఫ్‌ని ఇష్టం వచ్చినట్టు పెంచలేం. మరోపక్క, నడుమ వయల్‌లో మంచు ఇంకా మిగిలి ఉండగానే సెకండరీ డ్రైయింగ్‌కి (మిగిలిన తేమ పోవడానికి ఇంకా వేడిచేసే తర్వాతి దశకి) వెళ్లిపోతే ఆ మంచు కరిగి కేక్‌ని పాడుచేస్తుంది కాబట్టి తొందరపడనూ లేం. రెసిపీ, అంటే ఉష్ణోగ్రత, పీడనం, సమయాల పట్టిక, ఒక్కటే. అది ఈ రెండు వయల్స్‌కీ సరిపోవాలి. సగటు వయల్ కోసం రాసిన రెసిపీ రెంటికీ సరిపోకపోవచ్చు.

మోడల్‌కి ఆయువుపట్టు షెల్ఫ్ నుంచి వయల్‌లోకి వేడి ఎంత తేలిగ్గా వెళ్తుందో చెప్పే గుణకం. మేం కేవీ అంటాం. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు, తూచి తెలుసుకోవాల్సిందే. వయల్స్‌కి నంబర్లు రాసి, నీళ్లు నింపి, ఒక్కోదాన్నీ తూకం వేస్తాం. గడ్డకట్టించి, అనుకున్న పీడనం దగ్గర కొన్ని గంటలు ఆవిరి పోనిచ్చి, పూర్తిగా ఎండకముందే ఆపేసి, మళ్లీ ఒక్కోదాన్నీ తూస్తాం. బయటికి తీయగానే చల్లటి గాజుకి గదిలోని తేమ పట్టేస్తుంది. ఆ తడి కూడా బరువే, అందుకని తుడిచి తుడిచి తూకం మీద పెట్టాలి. ఎంత మంచు పోయిందో, ఆ గంటల్లో షెల్ఫ్ ఎంత వేడిగా ఉందో, వయల్ అడుగు ఎంత చల్లగా ఉందో తెలిస్తే కేవీ వచ్చేస్తుంది. ఇంకో రెండు మూడు పీడనాల దగ్గర ఇదంతా మళ్లీ. విసుగు పుట్టించే పనే. అయినా మోడలింగ్ మొత్తంలో ఇంతకంటే విలువైన గంటలు లేవని నా అభిప్రాయం. పోయిన బరువుల్ని లోడు పటం మీద రంగులుగా వేసి చూడండి. నడుమంతా ఒకే రంగు, అంచుల వెంబడి ముదురు గీత, నాలుగు మూలల్లో ఇంకా ముదురు. ఆ పటం చూశాక సగటు గురించి అడిగేవాళ్లు తగ్గుతారు.

"వయల్‌లో థర్మోకపుల్ పెట్టి నేరుగా చూసుకోవచ్చు కదా, లెక్కలెందుకు?" అని అడుగుతారు. థర్మోకపుల్ అంటే ఉష్ణోగ్రత కొలిచే సన్నటి తీగ. థర్మోకపుల్స్ పెడతాం. కానీ ఆ తీగ వల్లే వయల్ తీరు మారిపోతుంది. చిన్న సీసాలో నీళ్లు సున్నా దగ్గరే గడ్డకట్టవు. ఇంకా చాలా కిందికి చల్లబడి, ఏదో ఒక నలుసు ఆసరా దొరికాక ఒక్కసారిగా గడ్డకడతాయి. తీగ ఉన్న వయల్‌లో ఆ ఆసరా ముందే దొరుకుతుంది. అంత చల్లబడకముందే మంచు పుట్టి స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి. ఆ మంచు పోయాక మిగిలే రంధ్రాలూ పెద్దవే, ఆవిరికి దారి సులువు. అంటే మనం కొలుస్తున్న వయల్ పక్కవాటికంటే ముందే ఎండిపోతుంది. దాని మాట నమ్మి సెకండరీకి వెళ్తే వెనకబడ్డవి ఇరుక్కుంటాయి.

ల్యాబ్‌లో బాగా నడిచిన రెసిపీ ప్లాంట్‌లో నెమ్మదించడానికి ఒక ముఖ్య కారణం కూడా ఇదే. స్టెరైల్ ఏరియా గాలిలో నలుసులు దాదాపు ఉండవు. ద్రావణం మరింత లోతుకు చల్లబడ్డాకే గడ్డకడుతుంది, స్ఫటికాలు చిన్నవవుతాయి, రంధ్రాలు సన్నబడతాయి, ఆవిరికి కేక్ అడ్డు పెరుగుతుంది. శుభ్రత పెరిగినకొద్దీ ఎండడం ఆలస్యమవుతుందంటే కొత్తగా చేరినవాళ్లు మొదట నమ్మరు. మోడల్‌లో దీన్నంతా మోసేది ఒక్క పరామితి, కేక్ నిరోధం. ల్యాబ్ విలువ ఒకసారి, దాన్ని కొంత పెంచి ఒకసారి పెట్టి రెండుసార్లు నడిపితే ప్లాంట్‌లో ఏం ఎదురవుతుందో పెద్ద బ్యాచ్ ముట్టుకోకముందే అంచనాకి వస్తుంది.

ఎండడం ముగిసిందని తెలుసుకోవడానికి ఛాంబర్‌కి రెండు గేజ్‌లుంటాయి. పిరానీ గేజ్ వాయువు వేడిని ఎలా మోస్తుందో దాన్నిబట్టి పీడనం చెబుతుంది. కెపాసిటెన్స్ మానోమీటర్‌కి వాయువు ఏదైనా ఒకటే. ఛాంబర్ నిండా నీటి ఆవిరి ఉన్నంతసేపు పిరానీ దాదాపు 1.6 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. ఆవిరి తగ్గి నైట్రోజన్ మిగిలేకొద్దీ కిందికి దిగి రెండోదాన్ని కలుస్తుంది. ఆ దిగే తీరు చూడాలి. నిటారుగా దిగితే వయల్స్ దాదాపు కలిసి ఎండాయని అర్థం. సాగుతూ దిగితే అంచుకీ నడుముకీ ఎడం ఎక్కువని అర్థం. మోడల్ చెప్పిన వంపునీ గేజ్ గీసిన వంపునీ ఒకదానిమీద ఒకటి వేసి చూడటం నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఎండే సమయం సరిపోయి వంపు ఆకారం సరిపోకపోతే, జవాబు కాకతాళీయంగా కుదిరిందన్నమాట. ఆ మోడల్‌ని నేను ఇంకో స్కేలుకి తీసుకెళ్లను.

పరికరానికీ ఓ హద్దుంటుంది. ఛాంబర్ నుంచి కండెన్సర్‌కి (ఆవిరిని పట్టి మళ్లీ మంచుగా మార్చే భాగానికి) పోయే గొట్టంలో ఆవిరి వేగం శబ్దవేగాన్ని అందుకుందంటే ఇక ఎంత లాగినా ఎక్కువ పోదు. పీడనం మన చెయ్యి దాటి పెరుగుతుంది. సీఎఫ్‌డీ, అంటే ప్రవాహాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్కించే పద్ధతి, ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది.

అదే సీఎఫ్‌డీ రియాక్టర్ల దగ్గర రోజూ కావాలి. లీటరు పాత్రని అదే ఆకారంలో వెయ్యి లీటర్లకు పెంచితే ప్రతి కొలతా పది రెట్లవుతుంది. లీటరుకి అందే కలిపే శక్తిని మార్చకుండా ఉంచామనుకోండి. ప్రవాహం పూర్తిగా టర్బ్యులెంట్ (సుడులతో అల్లకల్లోలం) అయినప్పుడు ఇంపెల్లర్, అంటే కలిపే రెక్కల చక్రం, తిరిగే వేగం దాదాపు 4.6 రెట్లు తగ్గుతుంది, కలవడానికి పట్టే సమయం అన్ని రెట్లే పెరుగుతుంది. రెక్క కొన వేగం మాత్రం రెట్టింపు దాటుతుంది. ఘనపరిమాణంతో పోలిస్తే గోడ వైశాల్యం పదో వంతుకి పడిపోతుంది, పాత్ర చుట్టూ ఉండే చల్లబరిచే జాకెట్ వేడిని లాగలేక వెనకబడుతుంది. వీటన్నిటినీ ఒకేసారి ల్యాబ్ విలువల దగ్గర ఆపడం ఎవరి తరమూ కాదు. ఏదో ఒకటి వదులుకోవాలి, ఏది వదులుకుంటే ఈ మందుకి నష్టం లేదన్నది తేల్చుకోవాలి.

యాంటీసాల్వెంట్ (మందు కరగని ద్రవం) పోసి స్ఫటికాలు రాబట్టే పనిలో ఇది కళ్లకు కడుతుంది. ద్రవం కలిసే సమయం స్ఫటికాలు పుట్టే సమయం కంటే ఎక్కువైతే, పైపు మూతి దగ్గర కొంత చోట యాంటీసాల్వెంట్ చిక్కగా ఉండిపోతుంది. అక్కడ లెక్కలేనన్ని సన్న స్ఫటికాలు ఒక్కసారిగా పుట్టేస్తాయి. ట్యాంకు మొత్తం సగటు గాఢత చూస్తే అంతా బాగానే ఉంటుంది, ఫిల్టర్ మాత్రం మూసుకుపోతుంది. పైపు మూతిని పైమట్టం నుంచి ఇంపెల్లర్ దగ్గరికి దించితే ఆ చిక్కటి పాయ ఎంత కుంచించుకుపోతుందో సిమ్యులేషన్‌లో చూడొచ్చు. ఉక్కు ట్యాంకులోకి తొంగి చూసే దారి వేరే లేదు.

స్ఫటికాల ప్రస్తావన వచ్చింది కాబట్టి రిటోనవిర్ గుర్తుచేసుకోవాలి. 1996లో మార్కెట్లోకి వచ్చిన హెచ్ఐవీ మందు అది. 1998లో క్యాప్సూళ్లలో అంతకుముందు ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం బయటపడింది. మొదటి రూపం కంటే స్థిరమైనది, కరగడం మాత్రం బాగా తక్కువ. క్యాప్సూల్ సరఫరా ఆగిపోయి ఫార్ములేషన్ మార్చాల్సి వచ్చింది. అణువు నిర్మాణం నుంచే సాధ్యమైన స్ఫటిక రూపాలను లెక్కకట్టే పద్ధతులు ఇప్పుడు బాగా ముదిరాయి. కేంబ్రిడ్జ్ క్రిస్టలోగ్రాఫిక్ డేటా సెంటర్ 1999 నుంచి వీటికి బ్లైండ్ టెస్టులు పెడుతోంది. అణువు ఇస్తారు, స్ఫటికం దాచిపెడతారు, ఎవరి లెక్క దాన్ని పట్టుకుంటుందో చూస్తారు. ల్యాబ్‌లో ఇంకా పుట్టని రూపం కోసం వెతకడం నాకు ఈ రంగంలో అన్నిటికంటే బాధ్యతగల పనిగా అనిపిస్తుంది.

పౌడర్ల విషయంలో మోడల్‌కి ఉన్న పరిమితిని దాచకుండా చెప్పాలి. రేణువుల్ని ఒక్కోటిగా లెక్కించే డీఈఎం పద్ధతిని 1979లో కండల్, స్ట్రాక్ ప్రచురించారు. వాళ్లు మట్టి, రాళ్ల కోసం చేసినది ఇప్పుడు బ్లెండర్లకూ టాబ్లెట్ కోటింగ్ డ్రమ్ములకూ వాడుతున్నాం. 100 మైక్రాన్ల రేణువులున్న ఒక కిలో పౌడర్ తీసుకుంటే, మామూలు సాంద్రతకి అందులో వంద కోట్లకు పైగా రేణువులుంటాయి. వాటినన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు లెక్కించడం సాధారణంగా కుదరదు. రేణువుల్ని పెద్దవి చేసి సంఖ్య తగ్గిస్తాం, ప్రవర్తన మారకుండా జిగురు, రాపిడి విలువల్ని సర్దుతాం. కాబట్టి డీఈఎం చెప్పే దిశని నమ్ముతాను. బ్లేడు ఏ కోణంలో పెడితే మేలో, ఏ మూలలో పౌడర్ కదలకుండా నిలుస్తుందో అది బాగా చెబుతుంది. ఫలానా నిమిషానికి బ్లెండ్ సమంగా అయిపోతుందని అంకె చెబితే మాత్రం శాంపిల్ తీసి చూస్తేగానీ ఒప్పుకోను. కోటింగ్ డ్రమ్ములో టాబ్లెట్లు పెద్దవి, లెక్కపెట్టగలిగేవి, అక్కడ నమ్మకం ఎక్కువ.

కంటిన్యువస్ తయారీ (బ్యాచ్‌లుగా కాక ఆగకుండా సాగే తయారీ) వచ్చాక మోడల్ ఆఫీసు బల్ల దిగి ప్లాంట్ ఫ్లోర్ మీద నిలబడింది. 2015లో ఓర్కాంబి, 2016లో ప్రెజిస్టా టాబ్లెట్లకు ఈ పద్ధతిలో తయారీకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 2022లో, మందుల నిబంధనల్ని దేశాల మధ్య సమన్వయపరిచే ఐసీహెచ్ వారి క్యూ13 మార్గదర్శకం ఖరారైంది. ఒక చివర పౌడర్ పడుతూ ఉంటుంది, మరో చివర టాబ్లెట్లు వస్తూ ఉంటాయి. ఏపీఐ (మందులో పనిచేసే అసలు పదార్థం) వేసే లాస్ ఇన్ వెయిట్ ఫీడర్ తన బరువు ఎంత తగ్గుతోందో చూసుకుంటూ స్క్రూని నడుపుతుంది. తొట్టి మళ్లీ నింపే కొద్ది సెకన్లు ఆ బరువు నమ్మడానికి వీల్లేదు, అంతకుముందు ఉన్న స్క్రూ వేగంతోనే సాగాలి. ఆ సెకన్లలో ఏపీఐ కొంచెం ఎక్కువ పడిందనుకోండి. అది టాబ్లెట్లు ఒత్తే ప్రెస్ దాకా ఎప్పటికి చేరుతుంది, దారిలో బ్లెండర్ దాన్ని ఎంతవరకు పలచన చేస్తుంది, ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా టాబ్లెట్లను పక్కకు మళ్లించాలి? రెసిడెన్స్ టైమ్ డిస్ట్రిబ్యూషన్, అంటే పదార్థంలో ఏ భాగం లోపల ఎంతసేపు ఉంటుందో చెప్పే లెక్క, దీనికి జవాబు చెబుతుంది. 1953లో డాంక్‌వర్ట్స్ రాసిన ఆలోచనే, రసాయన ఇంజనీరింగ్ చదివిన ప్రతి ఒక్కరూ కాలేజీలో చేసి మర్చిపోయిన లెక్కే. సగటు నివాస సమయం ఒక్కటే తీసుకుని మళ్లించే గేటు తెరిస్తే ముందుగా దూసుకొచ్చిన భాగమూ, వెనక ఈడ్చుకుంటూ వచ్చే తోకా మంచి టాబ్లెట్లలో కలిసిపోతాయి. ముందుభాగం, తోక, రెండూ చూసి గేటు పెట్టాలి.

ఇక రోగి దగ్గరికి వద్దాం. అది నా రోజువారీ పని కాదు. కానీ క్లినికల్ ఫార్మకాలజీ వాళ్లతో కూర్చున్న ప్రతిసారీ ఇద్దరం ఒకే సమస్యతో ఉన్నామనిపిస్తుంది. వాళ్లు వాడే పీబీపీకే మోడల్‌లో శరీరం అవయవాల వారీగా ఉంటుంది. కాలేయం, కిడ్నీ, కొవ్వు, కండరం, ఒక్కోదానికీ రక్తప్రవాహం ఎంత, ఎంజైమ్ ఎంత. టియోరెల్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త 1937లోనే ఈ తరహా సమీకరణాలు రాశాడు. అప్పుడు వాటిని విప్పడానికి కంప్యూటర్లు లేవు. ఇప్పుడు వేర్వేరు వయసులు, బరువులు, ఎంజైమ్ పరిమాణాలు ఉన్న వందల ఊహాత్మక రోగుల్ని పుట్టించి ఒక్కొక్కరిలో మందు ఎంతకు చేరుతుందో చూస్తారు.

ఐబ్రుటినిబ్ దీనికి మంచి ఉదాహరణ. ఈ క్యాన్సర్ మందుని ప్రధానంగా సిప్ 3ఏ అనే ఎంజైమ్ విడగొడుతుంది. ఆ ఎంజైమ్‌ని గట్టిగా అడ్డుకునే కీటోకోనజోల్‌తో కలిపి ఆరోగ్యవంతుల్లో పరీక్షించినప్పుడు ఒంటికి అందిన మందు మొత్తం (ఎక్స్‌పోజర్) 24 రెట్లు పెరిగింది. మరి అంత గట్టిగా కాకుండా మధ్యస్థంగా అడ్డుకునే డిల్టియాజెమ్ (బీపీ మందు), ఎరిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) లాంటివి వాడుతున్న రోగి సంగతేంటి? పీబీపీకే సిమ్యులేషన్ 6 నుంచి 9 రెట్లు పెరగొచ్చని చెప్పింది. కీటోకోనజోల్ పరీక్షలో దొరికిన అసలు ఫలితాన్ని మోడల్ సరిగా చెప్పగలిగింది కాబట్టి, పరీక్షించని మధ్యస్థ సందర్భంలో దాన్ని నమ్మారు. 2013లో ఎఫ్‌డీఏ అనుమతించిన లేబుల్‌లో అలాంటి మందులతో కలిపి వాడాల్సి వస్తే మోతాదుని 140 మిల్లీగ్రాములకు తగ్గించాలని రాశారు. బీపీ మందు వేసుకుంటూ క్యాన్సర్‌తో బాధపడుతున్న మనిషి సగటు రోగి కాకపోవచ్చు. ఆ వాక్యం లేబుల్‌లో ఉండాల్సింది అతనికోసమే.

పిల్లల మోతాదు ఇంకో చోటు. మందుని ఒంట్లోంచి తొలగించే సామర్థ్యం బరువుతో సమానంగా మారదు, సుమారుగా బరువుకి 0.75 ఘాతంతో మారుతుంది. 70 కిలోల పెద్దవాళ్లతో పోలిస్తే 10 కిలోల బిడ్డ బరువు ఏడో వంతు, అంటే 14 శాతం. తొలగించే సామర్థ్యం ఈ సూత్రం ప్రకారం 23 శాతం. బరువుని బట్టి మాత్రమే మోతాదు తగ్గిస్తే బిడ్డకి మందు చాలకపోవచ్చు. కానీ అప్పుడే పుట్టిన పాపకి ఇదే సూత్రం పెడితే ప్రమాదం, ఎందుకంటే కాలేయపు ఎంజైమ్‌లూ కిడ్నీలూ ఇంకా ఎదగలేదు. అక్కడ వయసుతో ఎదుగుదలని విడిగా చేర్చాలి. ఒకే సూత్రం ఒక వయసులో కాపాడి, ఇంకో వయసులో దెబ్బతీస్తుంది. సూత్రం చెల్లే హద్దు ఎక్కడో గీత గీసి చూపించాలి.

ఈ గీత గురించి నాకు పట్టుదల ఎక్కువ. మా గుంపులో ఏ గ్రాఫు బయటికి వెళ్లినా, డేటా ఉన్న పరిధి ఒక రంగులోనూ దాని బయట మోడల్ చెప్పింది ఇంకో రంగులోనూ ఉండాలంటాను. రెండూ ఒకే గీతగా సాఫీగా సాగిపోతే చూసేవాళ్లకి తేడా తెలియదు. 2018లో వైద్య పరికరాల మోడళ్ల కోసం అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎంఈ తెచ్చిన వీ అండ్ వీ 40 ప్రమాణంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ముందు అడిగే ప్రశ్న ఏమిటో, ఆ ప్రశ్నకి మోడల్‌ని ఏ మేరకు వాడతారో రాసుకోమంటుంది. నిర్ణయంలో మోడల్ మాట ఎంత బరువు తూగుతుంది, ఆ నిర్ణయం తప్పితే రోగికి ఎంత హాని అన్న రెంటినీ కలిపి చూసి, దానికి తగ్గట్టు రుజువులు అడుగుతుంది. మందుల మోడళ్ల వాళ్లూ ఈ ఆలోచనని తీసుకున్నారు. 2024లో సంప్రదింపులకు వచ్చిన ఐసీహెచ్ ఎం15 ముసాయిదాలోనూ ఇదే వరస కనిపిస్తుంది. తయారీ వైపు ఐసీహెచ్ 2011లోనే మోడళ్లని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ప్రభావం అని మూడుగా విడగొట్టింది. ల్యాబ్‌లో తర్వాతి ప్రయోగం ఏదో ఎంచుకోవడానికి వాడే మోడల్‌నీ, టాబ్లెట్ మంచిదా కాదా అని తేల్చే మోడల్‌నీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిదానికి నెలల తరబడి వాలిడేషన్ (మోడల్ సరైనదేనన్న రుజువు) అడిగితే ఎవరూ మోడల్ జోలికి రారు. రెండోదాన్ని అడక్కుండా వదిలేస్తే రోగి మీద ప్రయోగం చేసినట్టే.

మోడల్ కట్టడం మీద ఉన్న శ్రద్ధ దాన్ని కాపాడుకోవడం మీద ఉండటం లేదన్నది నా దిగులు. వయల్ తయారీదారు మారితే అడుగు వంపు మారుతుంది, కేవీ మారుతుంది. ఫీడర్ స్క్రూ మార్చితే నివాస సమయాల వంపు మారుతుంది. ఏపీఐ రేణువు పరిమాణం కాస్త జరిగితే బ్లెండ్ తీరే వేరు. ఇవన్నీ మామూలుగా ప్లాంట్‌లో జరిగే మార్పులే. ఒక్కోదానికీ మార్పుని నమోదుచేసే చేంజ్ కంట్రోల్ ఫారం ఉంటుంది, క్యూఏ (నాణ్యత విభాగం) సంతకం ఉంటుంది, స్టెబిలిటీ మీద ప్రభావం ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. మోడల్ ప్రస్తావనే ఉండదు. ఏళ్ల క్రితం ఎవరో తూచిన కేవీ, ఏ వయల్‌కి తూచారో రాయకుండా, ఫైలులో ఒక అంకెగా మిగిలిపోతుంది. కొత్తవాళ్లు దాన్నే తీసుకుని కొత్త మందుకి రెసిపీ రాస్తారు.

అందుకని ఇప్పుడు ప్రతి ఇన్‌పుట్ అంకె పక్కన అది ఎక్కడిదో రాయమంటున్నాను. ఏ వయల్, ఏ డ్రైయర్, ఏ పీడనాల మధ్య, అంచు వరుసలు కలిపా, విడిగానా. చేంజ్ కంట్రోల్ ఫారంలో "ఈ మార్పు ఏ మోడల్‌ని తాకుతుంది" అనే గడి ఒకటి చేర్చమని క్యూఏ వాళ్లని అడుగుతూ వస్తున్నాను. ఆ గడి నింపాల్సింది మార్పు మొదలుపెట్టేవాళ్లే. వయల్ మారబోతున్న సంగతి అందరికంటే ముందు తెలిసేది కొనుగోలు విభాగానికి. వాళ్లు ఒక్క మాట చెబితే కొత్త వయల్స్ మొదటి పెట్టె రాగానే నీళ్లు నింపి తూకం మొదలుపెడతాం.